రంగు డబ్బా కొనే ముందు నీళ్లు యాడ నుంచి వస్తున్నాయో చూడండి: బయటి గోడ రిపేరు ఖర్చు

ఈ ఎపిసోడ్ ఇంటి బయటి గోడ గురించి. పెచ్చులు ఊడిపోయి, తెల్లగా ఉప్పు తేలి, రంగు పొరలు పొరలుగా లేచిపోయిన గోడను మళ్లీ బాగు చేయించాలంటే ఎంత అవుతుంది, ఆ డబ్బులో ఎంత నిజంగా గోడకు పోతుంది, ఎంత ఊరికే పోతుంది అనేది ఈ రోజు లెక్క వేసుకుందాం. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టుకోండి, గుణకారాలు ఉన్నాయి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు దీన్నే సైడింగ్ అంటారు. అక్కడ ఇల్లు ఎక్కువగా చెక్క ఫ్రేము మీద ఉంటుంది. దాని పైన వినైల్ అనో ఫైబర్ సిమెంట్ అనో పలకలు తొడుగుతారు. వడగళ్లు పడితే ఆ పలకలు పగులుతాయి, ఇన్సూరెన్స్ వాడు వచ్చి చూస్తాడు, పాతవి పీకి కొత్తవి వేస్తారు. కొలత కూడా ‘స్క్వేర్’ లెక్కన, అంటే 100 చదరపు అడుగులు ఒక స్క్వేర్. డల్లాస్ వైపు ఉన్నవాళ్లకు ఒక్క మాట: ‘డిడక్టబుల్ మేమే సర్దుకుంటాం, మీరు ఒక్క డాలర్ పెట్టొద్దు’ అని తలుపు కొట్టే కాంట్రాక్టరును నమ్మొద్దు. టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ 1 నుంచి అది చట్టానికి విరుద్ధం. అంతే, ఇక మన ఊరికి వచ్చేద్దాం. ఎందుకంటే మన గోడకు తొడుగు ఉండదు. మన గోడే గోడ, దాని చర్మమే పూత.

వేంపల్లె పాత వీధుల్లో ఒకసారి నడవండి. 40, 50 ఏళ్లు దాటిన ఇళ్లన్నీ దాదాపు ఒకే రకం. అడుగున్నర నుంచి రెండడుగుల మందం రాతి గోడ, రాళ్ల మధ్య సిమెంటు కాదు, మట్టి అడుసు. పైన దూలాలు, బండలు, దాని మీద చౌడు మట్టి పరిచిన మిద్దె. మనకు రాయికి కరువు లేదు కదా. ఈ నేల రాతికి భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో మన ఊరి పేరే పెట్టారు, వేంపల్లె ఫార్మేషన్ అంటారు. అటు ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు పోతే కడప బండల గనులు, వాటి పక్కనే సిమెంటు ఫ్యాక్టరీలు. బండా సున్నపురాయే, సిమెంటుకూ ముడిసరుకు సున్నపురాయే, మన అబ్బల కాలంలో గోడకు పూసిన సున్నమూ అదే రాయి. ఇది ఊరికే చెప్పట్లేదు, కాసేపట్లో పనికొస్తుంది.

ఈ రాతి మిద్దెలకు పదేళ్ల కింద, పదిహేనేళ్ల కింద సిమెంటు ప్లాస్టింగ్ చేయించారు. రంగు వేశారు. రెండు మూడేళ్లు బ్రహ్మాండంగా ఉంది. తర్వాత కింద నుంచి మొదలైంది. ముందు రంగు బుడగలు, తర్వాత తెల్లటి పొడి, తర్వాత పెచ్చులు. ఇంట్లో వాళ్లు ఏమంటారు? ‘మేస్త్రీ సిమెంటు తక్కువ కలిపాడు’. లేదంటే ‘ఆ కంపెనీ రంగు మంచిది కాదు’. మళ్లీ కొట్టిస్తారు, ఈసారి సిమెంటు ఎక్కువ వేసి. మళ్లీ ఊడుతుంది, ఈసారి ఇంకా తొందరగా.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మా టీమ్ లీడ్ ఒకాయన ఉండేవాడు. సర్వర్ పడిపోతే స్క్రీన్ మీద ఎర్రర్ మెసేజ్ రంగు మార్చేవాళ్లను చూసి తల పట్టుకునేవాడు. గోడ విషయంలో మనం చేసేది అదే. ఊడేది రంగు, కానీ సమస్య రంగులో లేదు.

నీళ్లు. ఎప్పుడైనా నీళ్లే.

మన వీధుల్లో ఈ నీళ్ల కథలో పెద్ద పాత్ర రోడ్డుది. మీ ఇంటి అరుగు ఒకప్పుడు వీధి కంటే ఎంత ఎత్తు ఉండేదో పెద్దవాళ్లను అడగండి. రెండు మెట్లు, మూడు మెట్లు ఎక్కి ఇంట్లోకి పోయేవాళ్లు. తర్వాత మట్టి రోడ్డు మీద కంకర పడింది, దాని మీద సీసీ రోడ్డు పడింది, అది పగిలితే తవ్వకుండా దాని మీదే ఇంకో పొర. పడిన ప్రతిసారీ రోడ్డు అరడుగో అడుగో పైకి వచ్చింది. ఇల్లు యాడ ఉందో ఆడే ఉంది. ఇప్పుడు చాలా ఇళ్లకు రెండు మెట్లు కిందికి దిగి లోపలికి పోవాలి. అంటే ఒకప్పుడు గాలి తగిలే గోడ ఇప్పుడు మట్టిలో పూడి ఉంది. రోడ్డు మీద పడిన ప్రతి చుక్కా, కాలువ పొంగిన ప్రతిసారీ ఆ నీళ్లూ గోడ పునాదిలోకే. ఇది ఏ ఒక్క ఊరి సమస్యో కాదు, రాయలసీమలో ఏ పాత వీధికి పోయినా కనపడుతుంది.

ఇంకొన్ని చిన్నవి. మిద్దె మీది వాన నీటి గొట్టం పొట్టిగా ఉండి, నీళ్లు గోడకే కారడం. గోడ బయటే గిన్నెలు తోమే బండ. ట్యాంకు నిండి పొంగే పైపు. గోడకు ఆనించి పెంచిన పూల చెట్టుకు రోజూ రెండు బిందెల నీళ్లు. 2021 నవంబర్ వానలు గుర్తున్నాయి కదా, కమలాపురం దగ్గర పాపాగ్ని మీద బ్రిడ్జి కూలిపోయిన వానలు. అలాంటి వాన మళ్లీ వచ్చినప్పుడు గోడ తట్టుకోవాలంటే అది ముందే తడిసి ఉండకూడదు.

ఆ నీళ్లు గోడలో ఏం చేస్తాయో చెప్తా. మట్టి, రాయి, ఇటుక, ఇవన్నీ దీపం వత్తి నూనె పీల్చినట్టు కింది తడిని పైకి లాగుతాయి. ఆ తడిలో నేలలోని ఉప్పు కూడా కరిగి వస్తుంది. మన దాంట్లో చౌడు ఉంది, బోరు నీళ్లలోనూ ఉప్పు ఉంది. గోడ పైపొర దగ్గరికి వచ్చాక నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. అది గడ్డకట్టి స్ఫటికాలుగా పెరిగేటప్పుడు చోటు కావాలి కదా, పూతను లోపల నుంచి నెడుతుంది. అందుకే పెచ్చు ఊడినచోట వెనక తెల్లటి పొడి కనపడుతుంది. ఎంత గట్టి పూత వేసినా లోపల నుంచి నెట్టేది నెడుతూనే ఉంటుంది.

గట్టి పూత వేస్తే ఇంకా నష్టం. మట్టి అడుసు గోడ తడిని పీల్చుకుంటుంది, వదులుతుంది. సున్నపు పూత ఉంటే ఆ తడి దాంట్లోంచి బయటికి పోతుంది. దాని మీద చిక్కటి సిమెంటు పూత, దాని మీద ప్లాస్టిక్ లాంటి రంగు వేస్తే తడికి దారి మూసేసినట్టే. అది ఆగదు, పైకి ఎక్కుతుంది. మీ వీధిలోనే చూడండి: కింద మూడడుగులు మాత్రం సిమెంటుతో ప్యాచ్ కొట్టిన ఇంటికి, రెండేళ్లకు నాలుగో అడుగులో, ఐదో అడుగులో చెమ్మ తేలి ఉంటుంది. లోపలేమో మట్టి అడుసు నానిపోయి రాళ్ల మధ్య పట్టు తగ్గుతూ ఉంటుంది. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న జిల్లాలో ఈ మాట చెప్తే నవ్వుతారు గానీ, పాత రాతి గోడకు సిమెంటు మందు కాదు. గండికోటకు పోయినప్పుడు ఫోటోలు దిగే ముందు ధాన్యాగారం, జామా మసీదు గోడల్ని ఒకసారి దగ్గరగా చూడండి. కట్టినప్పుడు సిమెంటు పుట్టనే లేదు.

సరే, మీ గోడకు నీళ్లు యాడ నుంచి వస్తున్నాయో తెలుసుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. గోడ చుట్టూ తిరిగి చెమ్మ ఎంత ఎత్తు వరకు ఉందో సుద్దముక్కతో గీత గీయండి, పక్కన తేదీ రాయండి. గీత నేలకు సమాంతరంగా, కింది నుంచి మూడు నాలుగు అడుగుల్లో ఉంటే నేల తడి. పై నుంచి కిందికి చారలా ఉంటే మిద్దెదో, పిట్టగోడదో, గొట్టందో. ఒక్కచోటే గుండ్రంగా ఉంటే పైపు లీకు. అనుమానం ఉంటే అడుగు చదరం పాలిథిన్ కవరును నాలుగు పక్కలా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. కవరు వెనక చెమట పడితే తడి గోడలోంచి వస్తోంది. తర్వాత ఒక కట్టెతో గోడంతా తట్టండి. గట్టి పూత ‘టక్’ మంటుంది, వదిలిన పూత ‘డబ్’ మంటుంది. ‘డబ్’ అన్నంత మేరే ఊడగొట్టాలి, మొత్తం కాదు.

ఇంకొకటి, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. గోడ పొట్ట పెట్టి ఉంటే, అంటే మధ్యలో ముందుకు ఉబ్బి ఉంటే, పూత గురించి మర్చిపోండి. రాతి గోడకు లోపలి వరస, బయటి వరస రెండూ విడిపోయినప్పుడు అలా ఉబ్బుతుంది. దాన్ని ముందు ఇంజనీరుకు చూపించండి. అలాంటి గోడ మీద సుత్తి దెబ్బ కూడా వేయనివ్వొద్దు.

ఇప్పుడు డబ్బుల దగ్గరికి వద్దాం. మా వీధికి రెండు వీధుల అవతల ఒక అక్క ఉంది. రాతి మిద్దె, 25 అడుగుల ముఖం, 40 అడుగుల లోతు. కూతురి పెళ్లి మేలో పెట్టుకున్నారు. గోడలు చూస్తే వియ్యంకుల ముందు తలెత్తుకునేలా లేవని ఆమె బాధ. బయటి గోడలు మొత్తం ఊడగొట్టి, ప్లాస్టింగ్ చేసి, రంగు వేయడానికి ఒకాయన 1,63,800 అని కాగితం రాసిచ్చాడు. అక్క చేతిలో అంత లేదు, పెళ్లికని దాచిన బంగారంలో కొంత తాకట్టు పెడదామని బయల్దేరింది. అప్పుడు వాళ్ల అబ్బాయి నాకు ఆ కాగితం ఫోటో పంపించాడు.

కాగితంలో ఒకే లైను. 1,820 చదరపు అడుగులు, అడుగుకు 90 రూపాయలు. నేను ముందు రేటు చూశాను. ఇక్కడ నేను వాడే రేట్లు లెక్క కోసం, మీ ఊర్లో కనుక్కుని మీవి వేసుకోండి. పాత పూత ఊడగొట్టడానికి అడుగుకు 8 రూపాయలు. రాతి గోడ ఎత్తుపల్లాలుగా ఉంటుంది కాబట్టి ప్లాస్టింగ్ సరుకూ కూలీ కలిపి 50. ప్రైమర్, రెండు కోట్ల బయటి రంగు కలిపి 28. ఇవి 86. సారవ కట్టడానికి, చెత్త ట్రాక్టర్లకు విడిగా ఒక 12,000. కాబట్టి 90 అనేది అన్యాయమైన రేటు కాదు.

తర్వాత కొలత చూశాను. 25, 40, 25, 40. చుట్టుకొలత 130 అడుగులు, పిట్టగోడతో కలిపి ఎత్తు 14. గుణిస్తే 1,820. లెక్క కరెక్టే. కానీ ఆ ఇంటికి ఒక పక్క పొరుగింటి గోడ ఆనుకుని ఉంది! ఆ పక్క 40 అడుగుల గోడను ఎవరూ చూడలేరు, మనిషి దూరి తాపీ ఆడించలేడు. 40 ఇంటూ 14, 560 అడుగులు. ఇంటూ 90, అంటే 50,400 రూపాయలు లేని గోడకు. ఆయన కావాలని చేశాడని నేననను, ప్లాను చూసి గుణించేసి ఉంటాడు. కానీ అక్క తాకట్టు పెట్టే బంగారంలో దాదాపు మూడో వంతు ఆ కనపడని గోడకు పోయేది. ఎస్టిమేట్ ఎవరు ఇచ్చినా టేపు మీరు పట్టుకోండి. తలుపులు, కిటికీల వైశాల్యం తీసేస్తారా లేదా అని కూడా ముందే అడగండి. కొందరు తీయరు, కిటికీ పక్కలు, మూలలు తీర్చే కూలీకి అది సరి అంటారు. అది ఒప్పుకోవచ్చు, కానీ ముందు తెలిసి ఒప్పుకోవాలి.

కనపడే మూడు గోడలకే లెక్క వేస్తే 1,260 అడుగులు, తలుపులు కిటికీలు తీస్తే సుమారు 1,150. ఊడగొట్టడం 9,200, ప్లాస్టింగ్ 57,500, రంగు 32,200, సారవ, చెత్త కలిపి 12,000. మొత్తం 1,10,900. మంచిదే, 50 వేలు తగ్గింది. కానీ నాకు ఈ లెక్క కూడా నచ్చలేదు. ఎందుకంటే ఇందులో నీళ్లను ఆపే పనికి ఒక్క రూపాయి లేదు. మూడేళ్ల తర్వాత ఇదే కాగితం మళ్లీ రాయాలి.

ఆ ఇంట్లో గోడంతా తట్టి చూశాం. పైన పూత బాగానే ఉంది. కింది నాలుగడుగుల్లోనే వదిలేసింది. మూడు గోడలు కలిపి 90 అడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు, 360 చదరపు అడుగులు. చెడింది అంతే. ముందు వైపు రోడ్డు ఎత్తు, వెనక గిన్నెలు తోమే చోటు, పక్క సందులో మిద్దె గొట్టం నేరుగా గోడ మొదట్లోకి. మూడు గోడలకు మూడు కారణాలు, చూస్తే చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేవి.

కాబట్టి ఇలా వేశాం. ఆ 360 అడుగుల పూత ఊడగొట్టడం 2,880. గోడ చుట్టూ పేరుకున్న మట్టిని తీసి, రెండున్నర అడుగుల వెడల్పున కడప బండలు బయటికి వాలుగా పరచడం, 225 అడుగులకు అడుగు 70 లెక్కన 15,750. మూడు వాన గొట్టాలు కిందివరకూ దించి కాలువలో కలపడానికి 3,600. పిట్టగోడ పై అంచు, పగుళ్లు పూడ్చడానికి 3,000. ఇవి 25,230. వీటి తర్వాతే పూత. ఆ 360 అడుగులకు సున్నపు పూత, సిమెంటు కంటే పని నిదానం కాబట్టి అడుగుకు 80 వేశాను, 28,800. అన్నీ కలిపితే 54,030. పైభాగానికి గీకి రంగు వేయడం కావాలంటే ఇంకో 17 వేల చిల్లర, అది ఎప్పుడైనా చేసుకోవచ్చు, గోడకేం తొందర లేదు.

అక్క ఒక్క ప్రశ్న అడిగింది. ‘అయితే పెళ్లికి గోడ అయిపోతుందా నాయనా?’

నిజం చెప్పాలంటే కాదు. తడి గోడ ఆరడానికి అంగుళం మందానికి ఒక నెల అని మోటు లెక్క ఒకటి ఉంది. అడుగున్నర గోడ రెండు పక్కలా ఆరినా నెలల మాట. మన ఎండలు వాడుకోవాలంటే ఫిబ్రవరిలో పూత ఊడగొట్టి, నీళ్ల దారులు మూసి, ఉప్పును పొడి చీపురుతో ఊడ్చేసి (నీళ్లతో కడగొద్దు, కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే), ఎండాకాలమంతా గోడను అలా వదిలేయాలి. మనకు పెద్ద వానలు అక్టోబర్, నవంబర్‌లో కదా. జులై, ఆగస్టులో పూత వేసుకుంటే సరిపోతుంది. మే నెల పెళ్లికి మాత్రం కింది నాలుగడుగులు రాయి బయటపడే ఉంటుంది.

వాళ్ల బంధువులు ఊరుకుంటారా! ‘పెళ్లింట్లో బోడి గోడ ఏంది, మొత్తం కొట్టించేయండి’ అన్నారు. ఇంకొకాయన ప్రొద్దుటూరులో పీవీసీ ప్యానెల్స్ దొరుకుతాయి, ముందు వైపు రెండు రోజుల్లో బిగించేస్తారు, ఏమీ కనపడదు అన్నాడు. ఏమీ కనపడదు, నిజమే. తడి కూడా కనపడదు, ఆ వెనక చెదలు పడితే అదీ కనపడదు. తడి గోడ మీద ప్యానెల్ అంటే నాకు పుండు మీద పట్టుచీర కట్టినట్టు ఉంటుంది.

మేం చివరికి పెద్దవాళ్లు చేసే పనే చేశాం. రాళ్ల మధ్య సందులు సున్నం కలిపిన మట్టితో నింపి, ముందు గోడంతా సున్నం కొట్టించి, కింద ఎర్రమన్ను పట్టీ వేయమన్నాం. ముందు గోడ 350 అడుగులు, అడుగుకు 6 రూపాయలు, 2,100. సున్నం గోడను ఊపిరాడనిస్తుంది, ఆరడానికి అడ్డం రాదు. పెళ్లింటికి సున్నం, ఎర్రమన్ను కంటే కళ ఏముంటుంది చెప్పండి. పెళ్లికి ముందు ఖర్చు 27,330. మిగతా 28,800 ఆగస్టు మాట. బంగారం బీరువాలోనే ఉంది.

ఇక్కడ ఒక అడ్డంకి ఉంది, దాచను. సున్నపు పని తెలిసిన బేల్దారి దొరకడం కష్టం. గానుగలో సున్నం తిప్పి, కరక్కాయ, బెల్లం నీళ్లు పోసి పూసిన తరం దాదాపు ముసలైపోయింది. దొరికితే ఒక పాలు సున్నానికి రెండున్నర, మూడు పాళ్ల ఇసుక, అరంగుళం కంటే తక్కువ మందంతో పొర మీద పొర, పొరకూ పొరకూ మధ్య రోజులు ఆగి వేయించుకోండి. రాతి సున్నం ఉడికించేటప్పుడు పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు, నీళ్లు పోయగానే సలసలా మరుగుతుంది, కంట్లో పడితే చూపు పోతుంది. అలాంటి బేల్దారి దొరక్కపోతే మధ్యే మార్గం ఒకటి ఉంది: 1 పాలు సిమెంటు, 2 పాళ్లు సున్నం, 9 పాళ్లు ఇసుక. మామూలు బేల్దారి కూడా కొట్టగలడు. ‘ఇంత బలహీనంగానా?’ అని అడుగుతాడు. పాత మెత్తటి గోడకు అంతే కావాలి. పూత గోడ కంటే గట్టిగా ఉండకూడదు.

ఇటుక గోడ, పిల్లర్లు ఉన్న కొత్త ఇళ్లవాళ్లకు ఇదంతా వర్తించదు. మీకు సిమెంటు పూతే. 100 అడుగులకు 20 మిల్లీమీటర్ల మందం, ఒకటికి నాలుగు కలిపితే సుమారు బస్తాన్నర సిమెంటు, 7 నుంచి 8 ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. ఇటుక, పిల్లరు కలిసే చోట నిలువు పగుళ్లు వస్తే అక్కడ కోడి జాలీ కొట్టి పూత వేయాలి. సజ్జ కింద పెచ్చు ఊడి తుప్పు కమ్మీ కనపడితే మాత్రం పూతతో కప్పొద్దు, తుప్పు గీకి, దానికి తగిన పని చేయించాకే మూయాలి. బయట పూత కొట్టిన మర్నాటి నుంచి కనీసం ఏడు రోజులు తడపాలి. మన ఎండకు పొద్దున ఒకసారి పైపు పట్టి వెళ్లిపోతే మధ్యాహ్నానికి ఎండిపోతుంది, గోనెపట్టలు వేలాడదీసి తడపండి. తడిపే నీళ్లు ఉప్పు నీళ్లయితే మళ్లీ కథ మొదటికే.

సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాస్తా 18కి తగ్గింది కదా, ఇప్పుడే చేయించేద్దాం అని కొందరి తొందర. పన్నుకు ముందు బస్తా 280 అనుకోండి, తేడా 28 రూపాయలు. మొత్తం ఇంటికి 25 బస్తాలు పడినా 700 రూపాయలు. ఇసుక కూడా 2024 జులై నుంచి ఉచితమే, కానీ ట్రాక్టరు బాడుగ ఉచితం కాదు. ఈ పనిలో సగం పైన కూలీ. సరుకు ధర చూసి పరిగెత్తే పని కాదిది.

ముందు గోడకు అందం కావాలని ఏసీపీ షీట్లు పెట్టించుకునేవాళ్లు లోపల ఏముందో అడగండి. రెండు అల్యూమినియం రేకుల మధ్య మామూలు ప్లాస్టిక్ ఉంటే అది మండుతుంది. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్‌లో మంటలు అంత తొందరగా పాకింది అలాంటి తొడుగు మీదే, 72 మంది చనిపోయారు. రాతి క్లాడింగ్ అయితే, బండ ముక్కల్ని ఒట్టి సిమెంటు పాలతో ఎత్తులో అంటించనివ్వొద్దు. తల మీద పడేది మీ పిల్లలకే. అయినా నాకు నవ్వొచ్చేది ఏంటంటే, బెంగళూరులో రాతి గోడలా కనపడాలని అడుగుకు ఇంత అని డబ్బులిచ్చి అంటించుకుంటారు, మనమేమో నిజమైన రాతి గోడను సిమెంటుతో మూస్తాం.

చివరిగా ఒప్పందం. నోటి మాట వద్దు, ఒక తెల్లకాగితం చాలు. ఏ గోడ, ఎన్ని అడుగులు, పూత మందం, పాళ్లు, చెత్త ఎవరు ఎత్తాలి, సారవ ఎవరిది, తడపడం ఎవరి పని. పాత పూత ఊడగొట్టేటప్పుడు రాతి గోడ మీద డ్రిల్లింగ్ మిషను పెట్టకూడదని కూడా రాయండి. ఆ అదురుకు లోపలి అడుసు రాలిపోతుంది, ఉలి, చిన్న సుత్తి చాలు. డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వొద్దు, పదో వంతు ఆపి మొదటి పెద్ద వాన తర్వాత ఇస్తామని చెప్పండి. పని మీద నమ్మకం ఉన్న బేల్దారి దీనికి ఒప్పుకుంటాడు. మా అక్క ఇంటికి వచ్చినాయన ఒప్పుకున్నాడు, కాకపోతే ‘వాన రాకపోతే?’ అన్నాడు. మన కడప జిల్లా కదా, న్యాయమైన అనుమానమే. నవంబర్ ఆఖరు లోపల వాన వచ్చినా రాకపోయినా ఇచ్చేస్తామని రాసుకున్నాం.

రోడ్డు ఎత్తు సంగతి మాత్రం ఒక్క ఇంటివాళ్లు తేల్చగలిగేది కాదు. మీ వీధిలో మళ్లీ సీసీ రోడ్డు వేస్తున్నారని తెలిస్తే, పాతది తవ్వి అదే మట్టానికి వేయమని పది ఇళ్లవాళ్లు కలిసి అర్జీ పెట్టండి. కంకర పడకముందే పెట్టండి, పడ్డాక ఎవరూ వినరు.

వచ్చే ఎపిసోడ్‌లో మిద్దె పైకి ఎక్కుదాం, చౌడు మట్టి తీసేసి కాంక్రీటు పోయాలా వద్దా అనేది మాట్లాడుకుందాం. ఉంటానండీ.